పదకొండు గోడలు

లెక్కింపు మన దిక్కు ఎనిమిదింటికి షురువైతది.
సోహార్ల అప్పుడు ఆరున్నర.
అప్పటికే మేము బస్సు దిగి, హెల్మెట్లు పెట్టుకొని
ఫోర్‌మన్ ముందర వరుసగ నిలబడి ఉంటం.
సైటు మీద ఫోన్లు బంద్.
నాది బూటుల ఉన్నది, మేజోడు కింద.
వణికినప్పుడల్లా ఒక రౌండు అయిపోయినట్టు.

రాజలింగం ఆరోసారి నిలబడ్డడు.
నేను లేంగ నిలబడుడు ఇది ఐదోసారి.

మొదటిసారి మాత్రం పక్కనే ఉన్న.
ఆయన అసలుకే దర్జీ, మా బడి లాగులు కుట్టినోడు.
ఏ పార్టీ టికెటియ్యలే,
కుట్టుమిషన్ గుర్తు అడిగి తెచ్చుకున్నడు.
నీలిమందు, సున్నం, తుమ్మబంక కలిపి
ఒక్క రాత్రి పదకొండు గోడలు రాసిన.
కందిలి ఆయననే పట్టిండు.
చక్రం గుండ్రంగ రాలేదని
రెండుసార్లు తుడిపిచ్చిండు.
మూడువేల నూటపద్దెనిమిది ఓట్లు. డిపాజిట్ పోయింది.
గోడకు పదిహేను రూపాలు మాట్లాడుకున్నం,
"గెలిచినంక ఇస్త గంగారాం" అన్నడు.
ఆ చలికాలమే నేను పాసుపోర్టు తీసుకున్న.

రెండోసారి రెండువందల పన్నెండు ఓట్లల్ల ఓడిండు.
ఆ ముచ్చట నాకు క్యాసెట్ల వచ్చింది,
మా ఆమె గొంతు, నడుమ నడుమ పిల్లగాని దగ్గు:
"నీ దర్జీ జరంతల పోయిండు."
ఆ రాత్రి క్యాంపుల లెక్కవెట్టినం
మన నియోజకవర్గపోళ్లం ఎంతమందిమని.
రెండువందల నలభై దాకా వచ్చి ఆపేసినం,
ఇంకా ఎలక్ట్రీషియన్ల గదులు మిగిలే ఉండె.

మూడోసారి గెలిచిండు.
నాలుగోసారి కూడ గెలిచి, మూడో నెలల కండువ మార్చిండు.
ఏడు నెలలు ఏదో కార్పొరేషన్ చైర్మన్, ఎర్రబుగ్గ కారు.
ఆ కారు నేను చూడలే.

కానీ ఆ రోజులల్లనే ఒకసారి సోహార్ వచ్చిండు.
హోటల్ల మీటింగు, శాలువలు, చందా బుక్కు.
రాత్రి పదింటికి మా గదికొచ్చి
కింది మంచం మీద ఒదిగి కూసొని
ఎండుచేపల పులుసు తిన్నడు.
మీది మంచం తలకు తాకితే నవ్విండు.
"చక్రం గుండ్రంగ రాని గంగారామా నువ్వు?"
గోడల పైసలు అడుగుదామని నోరు తెరిచిన.
ఆయన మల్లేశ్ మంచం దిక్కు చూస్తున్నడు,
చద్దరు మడిచిపెట్టిన ఖాళీ మంచం.
ముప్పైనాలుగు దినాలాయె,
పీనుగు ఆస్పత్రి ఫ్రిజ్‌లనే ఉండె.
గిన్నె పక్కకు పెట్టి, చెయ్యి కడగకుంటనే
ఎడమచేత్తోటి ఫోన్ చేసిండు ఎవలికో,
తప్పుల ఇంగ్లీషు, గట్టిగ, బెదిరిచ్చుకుంట.
ఆరో దినం మల్లేశ్ హైదరాబాదుల దిగిండు.

నూట అరవై అయిదు రూపాలు
ఆ మనిషిని ఎట్ల అడగాలె?

ఐదోసారి ఓడిండు.
ఇసుక లారీలన్నరు, బినామీలన్నరు. అబద్ధం కాకపోవచ్చు.
మల్లేశ్ తమ్ముడే ఎదురు పార్టీ జెండ మోసిండట.

ఇయ్యాల పదింటికి పాయిఖాన డబ్బల దూరి
బూటు విప్పి ఫోన్ చెవికి పెట్టుకున్న.
కొడుకు గొంతు:
"పన్నెండో రౌండు నాయినా, మనూరి మిషన్ తెరుస్తున్నరు.
అన్నట్టు చెప్పుడు మరిచిన, పోలింగునాడు
నేను పోయేసరికే నీ పేరు మీద గీత పడ్డది.
నీ ఓటు ఎవలో ఏసి పోయిండ్రు."

ఆ మిషన్ ఎట్లుంటదో నేను చూడనే లేదు.
పీక్ మంటదట కద, ఒత్తితే.
ఇరవైనాలుగేండ్లు నాకు కుదరని పని చేసినోడు,
వరుసల నిలబడి, నా పేరు చెప్పి,
నా తండ్రి పేరు కూడ చెప్పి,
ఏలికి సిరా పెట్టిచ్చుకున్నోడు
ఎవలో ఏమో, ఆ పూట అన్నం తిన్నడో లేదో.
ఎవలికేసిండో అదొక్కటి తెలిస్తే బాగుండు.

ఫోన్ మళ్ల వణికింది. మళ్ల.
నేను బూటు విప్పలే.
స్లాబు కింద, సెంట్రింగు పలక మీద
మార్కింగ్ సుద్దతోటి ఒక చక్రం గీసిన.
గుండ్రంగనే వచ్చింది.
మూడింటికి దాని మీద కాంక్రీటు పోసిండ్రు.